మూడు చుట్లు తక్కువ

హనుమాండ్లు ఒంటి మీద ఉన్న మచ్చలకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క గల్లీ పేరు పెట్టొచ్చు. ఎడమ కనుబొమ్మ మీది గీత హాస్టళ్ల గల్లీది. ఒక ఎండాకాలం మూడో అంతస్తు నుంచి ఎవరో ఖాళీ బకెట్ విసిరితే చిట్లింది. మెడ వెనక నల్లటి ముద్ర కూరగాయల సందుది. కుడి చెవి తమ్మె సగం లేదు, దాన్ని ఒక ముసలాయన కొరికాడు. ఆయన నోట్లో ఉన్నదే నాలుగు పళ్లు. ఆ నాలుగూ కలిసి అంత పని చేశాయంటే ఆ ఇంటికి ఎన్ని రోజులు నీళ్లు రాలేదో మీరే లెక్క వేసుకోండి. ముప్పై ఎనిమిదేళ్లు అమీర్‌పేట, పంజాగుట్ట మధ్య నీళ్లు వదిలిన మనిషికి జనం చేసిన సన్మానం ఇది. శాలువాలు కప్పించుకునేవాళ్లు వేరే ఉంటారు.

అతని పని చెప్పుకోవడానికి సులువే. రోడ్డు మధ్యలో ఇనుప మూత ఎత్తాలి, చాబీని గుంటలోకి దింపాలి, వాల్వు తలకు తగిలించి తిప్పాలి. చాబీ అంటే జేబులో వేసుకునేది కాదు. ఛాతీ ఎత్తున్న ఇనుప కడ్డీ, పైన రెండు చేతులకూ అడ్డపట్టీ. గల్లీకి తొమ్మిది చుట్లు తిప్పితే నీళ్లు, వెనక్కి తొమ్మిది తిప్పితే బంద్. పైనుంచి ఇవాళ ఎంత నీరు వస్తుందో, రేపు అసలు వస్తుందో రాదో ఆఫీసులో ఎవరూ చెప్పరు. అందుకని ఏ గల్లీకి ఎన్ని చుట్లన్నది లైన్‌మన్ తన మనసులోనే ఖాయం చేసుకుంటాడు. కాగితం మీద ఎక్కడా ఉండదు. గుంటలో వాల్వు ఎన్నిసార్లు తిరిగిందో తిప్పినవాడికి తప్ప పైన నిలబడి తిట్టేవాడికి తెలియదు. చుట్ల లెక్క పెళ్లానికి కూడా చెప్పొద్దని, చెప్పిన రోజున నీ తల నీది కాదని అతనికి పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు. హనుమాండ్లు ఆ మాట మరీ బాగా పాటించాడు.

అతని చేతి కింద పదకొండు గల్లీలు. వాటిలో ఒకటి ఎర్రమంజిల్ దిగువన మురుగు నాలా అంచున ఉన్న బస్తీ, అంటే అతని సొంత బస్తీ. తంటా అక్కడే వచ్చింది.

ఉద్యోగం పర్మినెంటయిన రెండో ఏడు, ఒక ఏప్రిల్ పొద్దున, బస్తీకి ఎగువనున్న పై గల్లీ వాళ్లు అతన్ని చుట్టుముట్టారు. వాళ్ల నల్లాల్లో చుక్క రావడం లేదు, బస్తీలో మాత్రం ధార పడుతోంది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. బస్తీ పల్లంలో ఉంది కాబట్టి ధార పడింది. అతను తిప్పింది అందరికీ తొమ్మిదే. ఆ సంగతి చెప్పబోతే ఎవడు వింటాడు? అతని తువ్వాలుతోనే అతన్ని కరెంటు స్తంభానికి కట్టేసి చెప్పులతో కొట్టారు. అప్పుడే టిఫిన్ డబ్బా తీసుకొచ్చిన భార్య వజ్రమ్మ, ఆమె చంకలో నాలుగేళ్ల కూతురు నవీన అదంతా చూశారు. పిల్ల ఏడవలేదు. నాన్నను ఎందుకు కడుతున్నారని మాత్రం అడిగింది. ఆ మాట దెబ్బల కంటే లోపలికి దిగింది. పైగా సొంత బస్తీకి నీళ్లు దోచిపెడుతున్నాడని అర్జీ వెళ్లి మూడు నెలలు సస్పెండు చేశారు. ఆ మూడు నెలలూ వజ్రమ్మ కుట్టుమిషనే ఇంట్లో పొయ్యి వెలిగించింది. స్కూలు గౌన్లు కుట్టడంలో అమీర్‌పేటలో ఆమె చేతికి పేరుండేది.

తిరిగి పనిలో చేరిన మొదటి పొద్దున అతను బస్తీ వాల్వు మీద చాబీ పెట్టి తిప్పడం మొదలుపెట్టాడు. ఆరో చుట్టు దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆపాలని అనుకోలేదు, ఆగింది. తన వాళ్లకు తక్కువే ఇస్తే ఇక తన మీద మాట రాదు కదా అని ఆ తర్వాత మనసు సర్ది చెప్పింది. మరుసటి రోజూ ఆరే. ఆ వారమూ, ఆ నెలా, ఆ ఏడూ ఆరే. పై గల్లీ వాళ్లు హనుమాండ్లు నిజాయితీపరుడని మెచ్చుకోవడం మొదలుపెట్టారు. మెప్పు కల్లు లాంటిది, అలవాటైతే మానడం కష్టం.

బస్తీలో మాత్రం నల్లా దగ్గర రోజూ యుద్ధమే. చివరి పది బిందెలు నిండకముందే ధార సన్నబడేది. జుట్లు పట్టుకోవడం, మోచేత్తో మూతి పగలగొట్టడం, బిందెతో నడుం మీద మోదడం అక్కడ మామూలు. పెళ్లయి కొత్తగా బస్తీకి వచ్చిన పిల్లలకు అత్తలు ముందు వంట నేర్పేవాళ్లు కాదు, నల్లా దగ్గర ఎలా నిలబడాలో నేర్పేవాళ్లు.

పందొమ్మిదేళ్ల కింద, మే నెలలో, వజ్రమ్మకూ ఎదురింటి వరలక్ష్మికీ వంతు దగ్గర మాటామాటా పెరిగింది. ధార దారప్పోగంత అయింది. ఆఖరి బిందె ఎవరిదన్నది తేలాలి. వజ్రమ్మ వరలక్ష్మి కొప్పు పట్టి గుంజింది. వరలక్ష్మి చేతిలోని స్టీలు బిందె గాల్లోకి లేచి తిరిగింది. దాని అంచు వజ్రమ్మ ఎడమ కంట్లో దిగింది. ఆమె మొహం పట్టుకుని నల్లా మీదికి ఒరిగితే కింద బిందెలో నీళ్లు ఎర్రబడ్డాయి. వెనక నిలబడ్డ ఒకావిడ ఆ నీళ్లను పారబోయలేదు. బాత్రూం కడగడానికి పనికొస్తాయని పక్కకు జరిపి పెట్టుకుంది. బస్తీ ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకంటే వేరే మాట అక్కర్లేదు.

కన్ను దక్కలేదు. ఒంటి కంటితో సూదిలో దారం ఎక్కక, కుట్టు వంకరపోయి, వజ్రమ్మ ఏడాది పెనుగులాడింది. ఆఖరికి మిషన్ మీద పాత చీర కప్పి మూలకు నెట్టింది. వరలక్ష్మికి కళ్లు పొడిచింది అనే పేరు స్థిరపడింది. చిన్నపిల్లలు కూడా ఆ పేరుతోనే పిలిచేవాళ్లు. ఎదురెదురు గుమ్మాలైనా ఆ ఇద్దరు ఆడవాళ్లు మళ్లీ మాట్లాడుకోలేదు.

ఇక చెప్పేవాళ్లకు కూడా కోపం వచ్చే చోటు ఇది. కన్ను పోయిన మరుసటి పొద్దున ఆస్పత్రి నుంచి నేరుగా వచ్చి హనుమాండ్లు బస్తీ వాల్వు ముందు నిలబడ్డాడు. తొమ్మిది తిప్పాలని ఒళ్లంతా కొట్టుకుంది. కానీ ఒక్కసారిగా ధార పెరిగితే ఇన్నేళ్లూ ఎందుకు రాలేదని అడుగుతారు. అందరికంటే ముందు వజ్రమ్మే అడుగుతుంది, ఆమె నల్లా కింద వేలు పెట్టి ధార ఎంతో చెప్పగల మనిషి. అందుకని ఆ రోజూ ఆరే తిప్పాడు. మొదట్లో తిప్పిన ఆరు చుట్లకు భయమని పేరు పెడదాం. కన్ను పోయిన తెల్లారి తిప్పిన ఆరు చుట్లకు ఏం పేరు పెట్టాలి?

నిరుడు వానల్లేవు. బోర్లు ఎండాయి. ట్యాంకర్ల కోసం మనుషులు తలలు పగలగొట్టుకున్నాక, పాత పైపులన్నీ తీసి కొత్తవి వేయాలని ఆఫీసు నిర్ణయించింది. ఆ పని మీద వచ్చింది హైందవి. గోదావరి జిల్లా పిల్ల, ముప్పై లోపు వయసు, ఇంజనీరు. చదువుకునే రోజుల్లో పై గల్లీ హాస్టల్లోనే ఉండి, అరబకెట్ నీళ్లతో స్నానం చేసి పరీక్షలు రాసిందట.

వేసే పైపు ముప్పై ఏళ్లు భూమిలో ఉండాలి. ముప్పై ఏళ్ల తర్వాత ఇక్కడ ఎందరుంటారు? అది అటుంచి, ఇప్పుడెందరున్నారు? పై గల్లీలో మూడు హాస్టళ్ల యజమాని విజయేందర్ ఒక కాగితంలో అరవై మంది అని రాశాడు, నీళ్ల అర్జీలో మూడొందల మంది అని రాశాడు, రెండింటి కింద సంతకం అతనిదే. కరోనా వచ్చిన వారంలో హాస్టళ్లన్నీ ఖాళీ అయ్యాయి, మళ్లీ ఏడాది తిరిగేసరికి మంచానికి ఇద్దరయ్యారు. వాళ్లు నేర్చుకోవడానికొచ్చే కోర్సులు ఫోన్లోకి వెళ్లిపోతే రేపు మళ్లీ ఖాళీ కావచ్చు. పెద్ద పైపు వేస్తే నీళ్లు నిలిచి కుళ్లొచ్చు, చిన్నది వేస్తే మళ్లీ నెత్తురు. హైందవి బుర్ర గల పిల్ల కాబట్టి తలలు లెక్కపెట్టడం మానేసి గల్లీ గల్లీకి మీటరు బిగించి, నాలుగు నెలలు పారే నీటినే కొలిచింది.

కొలత అయ్యాక మ్యాపు చుట్టుకుని హనుమాండ్లు ఇంటికి వచ్చింది. వజ్రమ్మ టీ ఇచ్చింది. హైందవి నేల మీద మ్యాపు పరిచి చూపించింది. పై గల్లీకి ఎనిమిది అంగుళాలు, బస్తీకి నాలుగు చాలు.

“మనుషులు అబద్ధం చెబుతారు గానీ నీళ్లు చెప్పవు కదండీ హనుమాండ్లు గారూ. పల్లంలో ఉండి కూడా మీ బస్తీవాళ్లు తక్కువ వాడుతున్నారు. పొదుపైన మనుషులు.”

వజ్రమ్మ నవ్వింది. అది నవ్వులా లేదు. ముందు ముందు జనం పెరిగితే ఏం చేస్తావని అడిగింది. అదే తనకూ తెలియడం లేదని హైందవి ఒప్పుకుంది. అప్పుడు వజ్రమ్మ మూలనున్న మిషన్ వైపు చూసింది.

“పెరిగే పిల్లకు గౌను కుట్టేటప్పుడు అంచుల మడత ఇడుస్తుంటి బిడ్డా. పిల్ల ఎంత పెరుగుతదో ఎవనికెరుక? పెరిగితే మడత ఇప్పుకోవచ్చు, లేకుంటే గట్లనే ఉంటది. గానీ కొలత మటుకు సక్కగ తియ్యాలె. కొలతనే తప్పయితే మడత ఏం జేస్తది?”

హైందవికి ఆ మాట తెగ నచ్చింది. మూలమూలనా ఒక కొమ్మ పైపు వదిలి మూత బిగిస్తే, అవసరమైన రోజున రోడ్డంతా తవ్వకుండా అక్కణ్నుంచి అతికించుకోవచ్చని అప్పటికప్పుడే మ్యాపు మీద గుర్తులు పెట్టుకుంది. హనుమాండ్లు చేతిలో టీ చల్లారింది. ముప్పై ఏళ్ల తన ఆరు చుట్లు ఆ మ్యాపు మీద నాలుగు అంగుళాలై కూర్చున్నాయి. ఇంకో ముప్పై ఏళ్లు కూర్చుంటాయి. తాను పోయాక కూడా నల్లా దగ్గర ఎవరిదో ఒకరి కన్ను పోతూనే ఉంటుంది. చెప్పేయాలనుకుని నోరు తెరిచాడు. వజ్రమ్మ మొహంలో మూసుకుపోయిన కంటి గుంట కనిపించి మూసుకున్నాడు.

మరుసటి రోజు దొంగదారి వెతికాడు. బస్తీకి తొమ్మిది తిప్పాడు, మీటర్లో లెక్క మారుతుందని ఆశ. మీటర్లు అంతకుముందు సాయంత్రమే విప్పుకుపోయారని ఆ తర్వాత తెలిసింది. ఇంటికి వచ్చేసరికి వజ్రమ్మ నల్లా కింద వేలు పెట్టి నిలబడి ఉంది. వేలు తీసి కొంగుకు తుడుచుకుంటూ అతన్నే చూసింది.

పది రోజుల తర్వాత లారీల్లో పైపులు దిగాయి. పై గల్లీ మలుపులో తొడంత లావువి, బస్తీ మలుపులో మోచెయ్యంత లావువి. చూడ్డానికి చదువక్కర్లేదు. గంటలో బస్తీ మొత్తం రోడ్డు మీదికొచ్చింది. ఆడవాళ్లు తవ్విన కందకంలోకి దిగి కూర్చున్నారు, ముందు వరలక్ష్మి. పని ఆగితే ఊరుకోనని విజయేందర్ పదిమందిని వెంటేసుకుని వచ్చాడు. వాళ్లలో ఒకడు వరలక్ష్మి చెయ్యి పట్టి ఈడిస్తే ఆమె వాడి మణికట్టు కొరికింది. వాడు పార కామతో ఆమె వీపు మీద కొట్టాడు. ఆ చప్పుడుకు రాళ్లు లేచాయి. తవ్వే యంత్రం అద్దం పగిలింది. పనివాడి తల చిట్లింది. విజయేందర్ చొక్కా చించి అతన్ని పైపుల మధ్య పడేసి కాళ్లతో తొక్కారు, అతని మనుషులు ఇనుప ముక్కలు తీసుకుని దొరికినవాళ్ల మోకాళ్లు పగలగొట్టారు. మెట్రో మెట్ల మీద నిలబడ్డ జనం ఫోన్లు పైకెత్తి చూశారు.

హైందవి ఫైలు గుండెకు హత్తుకుని, కొలత పెట్టాం, మీ వాడకం ఇంతే, లెక్క ఉందని చెబుతూనే ఉంది. ఎవరో విసిరిన పెంకు ఆమె నుదుటికి తగిలింది. నెత్తురు కళ్లలోకి కారుతున్నా ఆమె ఫైలు వదల్లేదు. ఇంకో రాయి లేచింది. అది పడితే ఆ పిల్ల లేవదు.

హనుమాండ్లు ఆమెకు అడ్డంగా వెళ్లి పైపుల కుప్ప ఎక్కాడు. ఆ రాయి అతని భుజానికి తగిలింది.

“మేడం, లెక్క తప్పు. అందరికి తొమ్మిది చుట్లు తిప్పిన, మా బస్తీకి ఆరే తిప్పిన. ముప్పై ఏండ్ల సంది గంతే. నా మీద మాట రావొద్దని తిప్పిన.”

ఒక్కసారి చెబితే అర్థం కాలేదు. రెండోసారి చెప్పాడు. రాళ్లు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. అందరికంటే ముందు అర్థమైంది వరలక్ష్మికి. కందకంలోంచి పైకొచ్చి, బురద చేత్తో అతన్ని కిందికి లాగి చెంపలు వాయించింది. కళ్లు పొడిచిందన్న పేరు పందొమ్మిదేళ్లు మోశాను, దాన్ని ఎవరు దించుతారని ఏడుస్తూ కొట్టింది. ఆమె వెనక బస్తీ అంతా పడింది. పళ్లు ఊడినవాళ్లు, చేతులు విరిగినవాళ్లు, నల్లా దగ్గర కడుపు పోయిన ఒక పిల్ల, అందరికీ అతని ఒంట్లో తలా కాస్త బాకీ ఉంది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు.

వజ్రమ్మ వస్తుంటే జనం తప్పుకున్నారు. ఆమె చేతిలో చాబీ ఉంది.

“నా కన్ను పోయిన్నాడు సుత ఆరేనా?”

“ఆరే.”

“తెల్లారి?”

హనుమాండ్లు నేల చూశాడు. “ఆరే.”

మరిచిపోయి పోయిన కన్నును కూడా తెరవబోయినట్టు ఆమె మొహం వణికింది. ఆ తర్వాత ఏ చెయ్యి అని అడిగింది. అతను కుడి చెయ్యి తీసి తానే పైపు మీద పెట్టాడు. వజ్రమ్మ చాబీ ఎత్తి కొట్టింది. వేళ్లు నలిగాయి. రెండో దెబ్బకు మణికట్టు తిరిగిపోయింది. అతను అరిచాడు గానీ చెయ్యి తీయలేదు. మూడో దెబ్బ కొట్టి ఆమె చాబీని కందకంలోకి విసిరేసింది. నాలుగోది కొట్టమని ఎవరో అన్నారు. మూడే అంది.

పైట చెంగు చించి హైందవి నుదుటికి కట్టింది.

“మల్ల కొలువు బిడ్డా. కొలత తీసినంకనే కుట్టు.”

పోలీసులు వచ్చి అడిగితే చాబీ జారి తన చేతి మీద పడిందని హనుమాండ్లు చెప్పాడు. మూడుసార్లు జారిందా అని ఎస్సై అడిగాడు. బరువైన చాబీ సార్ అన్నాడు. ఆఫీసు అతన్ని రెండోసారి సస్పెండు చేసింది. మొదటిసారి చెయ్యని తప్పుకు, ఈసారి చేసినదానికి.

పని ఆగింది. వేరే లైన్‌మన్ బస్తీకి తొమ్మిది తిప్పాడు, హైందవి మళ్లీ మీటరు పెట్టి నెలన్నర కొలిచింది. బస్తీకి ఆరు అంగుళాల పైపు పడింది. మలుపు మలుపుకూ మూత బిగించిన కొమ్మ ఒకటి వదిలారు. ఎప్పుడు ఎవరికి అక్కరొస్తుందో ఎవరికీ తెలియదు. బస్తీ ఆడవాళ్లు వాటిని వజ్రమ్మ మడతలు అంటారు.

ఇప్పుడు నల్లా దగ్గర వరస ఉంది గానీ కొట్లాట లేదు. కొత్త పైపులో నీళ్లు మొదటిసారి వచ్చిన రోజున వరలక్ష్మి తన బిందె అక్కడే వదిలి, పందొమ్మిదేళ్ల తర్వాత ఎదురింటి గుమ్మం ఎక్కింది. వజ్రమ్మ మిషన్ మీది చీర తీసింది. వరలక్ష్మి కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది. అప్పట్నుంచి రోజూ పొద్దున వచ్చి దారం ఎక్కించి పోతోంది.

హనుమాండ్లు కుడి చేతి వేళ్లు ఇక ముడుచుకోవు. ఎడమ చేత్తో తినబోతే వజ్రమ్మ తిననివ్వలేదు. కంచం ముందేసుకుని తానే కలిపి నోట్లో పెడుతుంది. పప్పు బాగా కలుపుతుంది, వేడి చూసి పెడుతుంది. ఆరు ముద్దలు పెడుతుంది. కంచంలో ఇంకా అన్నం ఉంటుంది. ఆరో ముద్ద మింగాక కంచం తీసుకుని లేచిపోతుంది.

మొదటి రోజు అతను ఏడో ముద్ద కోసం నోరు తెరిచి కూర్చున్నాడు. రెండో రోజు నుంచి ఆరో ముద్ద తినగానే నీళ్లు అడుగుతున్నాడు. నీళ్లు మాత్రం ఆమె చెంబు నిండా తెచ్చి ఇస్తుంది.